బొమ్మకూ కేసు షీటు రాయి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

డాక్టరుగా మొదటి జీతంతో చేర్యాల పటం, అదే తెలంగాణలో గుడ్డ మీద వేసే కథల బొమ్మ, కొన్నానని రాశావు. చాలా సంతోషం. మీ అమ్మ మాత్రం ఇక నువ్వు డ్యూటీలు మానేసి బొమ్మలు వేస్తూ కూర్చుంటావేమోనని ఫోనులో ఒకటే దిగులు. నలభై ఏళ్లు స్టెతస్కోపూ కుంచే రెండూ పట్టినవాణ్ణి కాబట్టి, నాకు తెలిసింది చెబుతాను.

డాక్టర్ పాల్ గాషే పేరు వినే ఉంటావు. 1828లో ఫ్రాన్సులోని లీల్‌లో పుట్టాడు. వైద్యపట్టా కోసం రాసిన సిద్ధాంత గ్రంథం విషాదరోగం మీద. ప్రాక్టీసు పారిస్‌లో. 1872లో ఓవేర్ అనే పల్లెలో ఇల్లు కొని, అందులో ఎచింగ్, అంటే లోహపు రేకు మీద ఆమ్లంతో గీతలు కొరికించి బొమ్మలు అచ్చువేసే పని, దానికి యంత్రం పెట్టుకున్నాడు. చిత్రకారుడు సెజాన్ 1873లో ఆ యంత్రం మీదే ఎచింగ్‌లు చేశాడు. 1890 మే నెలలో చిత్రకారుడు వాన్ గో గాషే దగ్గర వైద్యానికి ఆ ఊరు వచ్చి, గాషే బొమ్మ వేశాడు. ఆ బొమ్మలో బల్ల మీద డిజిటాలిస్ అనే మందుమొక్క కొమ్మ ఉంటుంది. నువ్వు వార్డులో రాసే గుండె మందు డిజాక్సిన్ ఆ జాతి మొక్కదే. జులై 29న వాన్ గో చనిపోతే, ఆ ముఖాన్ని గాషే బొగ్గుతో గీసి ఉంచాడు. రోగిని దక్కించుకోలేకపోయిన వైద్యుడి చేతిలో బొగ్గుముక్క! ఆ దృశ్యం తలచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

వాన్ గో వేసిన గాషే బొమ్మ 1990లో వేలంలో 8 కోట్ల 25 లక్షల డాలర్లు పలికింది. అది వదిలేయి. నీకు పనికొచ్చే సంగతి వేరే ఉంది. గాషే తన బొమ్మల మీద పాల్ వాన్ రిసెల్ అని సంతకం చేసేవాడు. రిసెల్ అంటే తను పుట్టిన లీల్‌కు ఫ్లెమిష్ భాషలో ఉన్న పేరు. ఆయనా, కొడుకూ తమ దగ్గరున్న చిత్రాలకు నకళ్లు కూడా వేశారు. పిల్లలు ఆ సేకరణను ఫ్రాన్సు ప్రభుత్వానికి ఇచ్చాక, ఏది అసలు, ఏది నకలు అన్న అనుమానాలు దశాబ్దాలపాటు వదల్లేదు. చివరికి 1999లో అసళ్లనూ నకళ్లనూ పక్కపక్కన పెట్టి ప్రదర్శించాల్సి వచ్చింది.

నాకూ అలాంటిదే జరిగింది. చిత్రకారుడైన ఒక మిత్రుడి నీటిరంగుల బొమ్మ చూసి, నేర్చుకుందామని అచ్చం అలాగే వేశాను. వెనక ఏమీ రాయలేదు. పాతికేళ్ల తరవాత ఆయన కూతురు వచ్చి, నాన్న చేతిది ఏది అని అడిగింది. రెండూ కిటికీ దగ్గర పెట్టుకుని గంటసేపు చూశాను. తేల్చలేకపోయాను. ఆ పిల్ల రెండూ పట్టుకెళ్లింది.

అందుకని ప్రతి బొమ్మకూ ఒక కేసు షీటు తెరువు. ఎవరు వేశారు, ఎక్కడ కొన్నావు, ఎంతకు, ఏ తేదీన, ఎక్కడ చిరిగింది. కాగితం బొమ్మకైతే వెనక అంచున మెత్తటి పెన్సిలుతో రాయి, బాల్‌పెన్ను ముట్టుకోకు. కాన్వాసుకైతే వెనకున్న చెక్క చట్రం మీద రాయి. నువ్వు నకలు వేస్తే నకలు అని వెంటనే రాసెయ్. రేపు రాద్దామంటే అంతే సంగతులు.

నీ బొమ్మలు రోగులకు అమ్మకు. నా గదిలో నేనెప్పుడూ వేలాడదీయలేదు. బీపీ చూపించుకోవడానికి వచ్చినవాడు మొహమాటానికి కొంటాడు, ఇంటికెళ్లి తిట్టుకుంటాడు. ఫీజుకు బదులు బొమ్మ ఇస్తామనే చిత్రకారులు కూడా వస్తారు. తీసుకో, కానీ ధర ఇద్దరూ ఒప్పుకుని కాగితం మీద పెట్టుకున్నాకే.

చేర్యాల పటం గుడ్డకు చింతగింజల గుజ్జు, సుద్దమన్ను పూసి ఉంటాయి. పురుగులకు అది పెళ్లి భోజనం. ఎండ తగిలే గోడా, చెమ్మ గోడా రెండూ వద్దు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ పటం తెచ్చి చూపించు. మడత పెడితే పూత పగులుతుంది, గొట్టానికి చుట్టి తీసుకురా. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

మామయ్య