రింగ్‌ల్యాండ్ విరిగితే పిస్టన్లు మాత్రమే మారిస్తే చాలదు

మీ సుబారు ఎస్‌టీఐలో (2.5 లీటర్లు) నాలుగో సిలిండర్ కంప్రెషన్ పడిపోయిందనీ, బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) రాగానే ఆర్‌పీఎం లేస్తున్నా వేగం పెరగట్లేదనీ రాశారు. ఇవి రెండు వేర్వేరు జబ్బులండీ.

ముందు లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎక్కడ లీకవుతుందో చూసే పరీక్ష) చేయించండి. ఆయిల్ పోసే మూత దగ్గర గాలి చప్పుడు గట్టిగా వినిపిస్తే రింగ్‌ల్యాండ్ (పిస్టన్ మీద రింగుల మధ్య ఉండే గట్టు) మీదే అనుమానం. ఫోర్జ్‌డ్ పిస్టన్లు కొన్నాకే బ్లాక్‌ని హోనింగ్‌కి (సిలిండర్ గోడల్ని కొలత ప్రకారం సానబట్టే పనికి) మెషిన్ షాపులో ఇవ్వండి, పిస్టన్లు కూడా వాళ్లకే అప్పజెప్పండి. ఇలాంటి పిస్టన్లలో తరచూ వాడే 2618 అల్యూమినియం మిశ్రమం వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య క్లియరెన్స్ (ఖాళీ) ఎక్కువ కావాలి. చల్లని ఇంజిన్‌లో టకటక శబ్దం మామూలే. 99.5 మి.మీ. బోర్‌కి (సిలిండర్ వ్యాసానికి) పై రింగ్ గ్యాప్ (రింగ్ రెండు కొసల మధ్య ఖాళీ) సుమారు 0.55 మి.మీ., తయారీదారు షీట్ వేరే చెబితే అదే ఖాయం. గ్యాప్ తక్కువైతే వేడికి రింగ్ కొసలు ఢీకొని కొత్త ల్యాండ్ కూడా విరుగుతుంది. నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండటం) రాకుండా ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు) సరిచేయకపోతే ఈ ఖర్చంతా వృథా.

రెండోది, అంటే ఆర్‌పీఎం లేచినా వేగం పెరగకపోవడం, క్లచ్ జారడం వల్ల. రోజువారీ బండికి గట్టి ప్రెషర్ ప్లేట్, ఆర్గానిక్ డిస్క్ ఉన్న క్లచ్ చాలు. ఫ్లైవీల్ మాత్రం తప్పక ఫేసింగ్ (ఉపరితలం చదును) చేయించండి, కొత్త క్లచ్ సర్దుకునేందుకు మొదటి 800 కి.మీ. సిటీలోనే నెమ్మదిగా నడపండి.