గేటు వైపు చూసే అవ్వ గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నెల్లూరు వృద్ధాశ్రమం మీద నువ్వు రాసిన కథ చదివాను. వాక్యం నీ చేతిలో బాగా నడుస్తోంది. కానీ నీ అవ్వ మొదటి పేరా నుంచీ గేటు వైపే చూస్తోంది. కొడుకు రాడు, ఆమె చూస్తూనే ఉంటుంది, కథ అయిపోతుంది. డెబ్బై ఎనిమిదేళ్ళు బతికిన మనిషి దగ్గర ఆ ఎదురుచూపు తప్ప ఇంకేమీ లేదా? అదే నా బాధ.

మళ్ళీ వెళ్ళు. "పిల్లలు వస్తుంటారా అవ్వా" అని మాత్రం అడగొద్దు. పండ్లు పంచి ఫొటో దిగి వెళ్ళేవాళ్ళంతా అదే అడుగుతారు. నువ్వు పని గురించి అడుగు. టంగుటూరు వైపు పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ల దగ్గర రాత్రంతా మంట కాసినవాళ్ళు, గూడూరు పక్క గనుల్లో అభ్రకం రేకులు చీల్చినవాళ్ళు మన జిల్లాల్లో ఎంతమందో. మన నెల్లూరు జిల్లా దూబగుంట ఊళ్ళో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించినప్పుడు వయసులో ఉన్నవాళ్ళు ఇప్పుడు అరవై, డెబ్బై దాటారు. పెద్దలకి చదువు నేర్పిన అక్షరదీపం రాత్రిబడిలో పలక పట్టి, సారా మీద తిరగబడిన తరం అది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చిందంటే వాళ్ళ వల్లే. ఆ మాట ఎత్తి చూడు, గొంతే మారిపోతుంది.

రొట్టెల పండగ గురించి కూడా అడుగు. నెల్లూరు స్వర్ణాల చెరువులో ఏ ఏడు ఏ కోరికతో ఏ రొట్టె పట్టుకున్నావవ్వా అను. పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, ఇంటి రొట్టె, పిల్లాడి కోసం చదువు రొట్టె: ఆమె బతుకంతా వరసగా వచ్చేస్తుంది. కోరిక తీరితే మళ్ళీ ఏడు వచ్చి అదే రొట్టె ఇంకొకరికి వదలాలి కదా. వదలలేకపోయిన రొట్టె దగ్గరికొచ్చేసరికి ఆమె ఆగిపోతుంది. నువ్వూ ఆగు. తొందరపెట్టి కదిలించొద్దు.

చెప్పిందే చెప్తోందని విసుక్కోవద్దు. పాత సంగతులు తవ్వుకోవడం మనసు సన్నగిల్లిన గుర్తని వైద్యులు సైతం అనుకునే రోజుల్లో, రాబర్ట్ బట్లర్ అనే అమెరికా మానసిక వైద్యుడు 1963లో అది కాదని రాశారు. పొద్దు వాలినప్పుడు మనిషి తన జీవితాన్ని తనే తిరగేసుకోవడం సహజం అన్నారు. అందులో కొందరికి నెమ్మది దొరుకుతుందని, కొందరిని పశ్చాత్తాపం కుంగదీస్తుందని కూడా చెప్పారు. అందుకే నాలుగోసారి చెప్పినప్పుడు కొత్తగా చేరిన మాట పట్టుకో. మొదట "ఆయన పోయాడు" అంటుంది. ఎప్పటికో "ఆ రోజు నేను పొలం పోకుండా ఉండాల్సింది" అంటుంది. నీ కథ ఆ రెండో మాటలో ఉంది.

ఇష్టపడి ఆశ్రమానికి వచ్చినవాళ్ళూ ఉంటారు. పక్క మంచం మనిషితో దెబ్బలాడి, సాయంత్రానికి ఒకే గ్లాసులో టీ పంచుకునేవాళ్ళూ ఉంటారు. వాళ్ళనీ రాయి.

కథ కంటే ముందు చూడాల్సింది ఒకటుంది. అన్నం సయించక, నిద్ర లేక, ఎవరితోనూ పలక్కుండా వారాల తరబడి ఉంటే అది వయసు అనుకోవద్దు. కుంగుబాటు ఏ వయసులోనైనా జబ్బే, దానికి వైద్యం ఉంది. నోట్‌బుక్ మూసి ఆశ్రమం వాళ్ళకి చెప్పు, డాక్టరుకి చూపించమను. పట్టించుకోకపోతే పెద్దవాళ్ళ కోసం పెట్టిన హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చెయ్యి.

అచ్చుకిచ్చే ముందు ఆమెకి చదివి వినిపించు. పేరు, ఊరు మార్చు. ఈ మాట వద్దమ్మా అంటే, ఎంత బాగా కుదిరిన మాటైనా తీసెయ్యి. కొత్త ప్రతి సంక్రాంతిలోగా నాకు పంపు.

నీ మేలుకోరే
పెద్దదిక్కు, ఒంగోలు