అమ్మ పొట్ట నీటిలో క్యాన్సర్ కణాలు లేవన్నారు, ఇప్పుడు ఉదరపొర క్యాన్సర్ అంటున్నారు. ఏది నమ్మాలి?

రెండోదే నమ్మండి, అది బయాప్సీ చేసి, అంటే పొర ముక్క తీసి పరీక్షించి, చెప్పిన మాటైతే. అనుమానం తీరకపోతే అదే ముక్కను ఇంకో పెథాలజిస్టుకు చూపించండి. అంతే కానీ నీటి పరీక్ష కాగితాన్ని పట్టుకుని కూర్చోవద్దు. అలా కూర్చునే మేము రెండు నెలలు పోగొట్టుకున్నాం.

మా పిన్నికి అప్పుడు యాభై నాలుగేళ్లు. చేతులు సన్నబడి గాజులు మోచేతి వైపు జారుతున్నాయి, పొట్ట మాత్రం రోజురోజుకూ ముందుకు వస్తోంది. గ్యాస్ అన్నవారు కొందరు, వయసు ప్రభావం అన్నవారు కొందరు. ఒకావిడ నలుగురి ముందు "ఏమైనా విశేషమా?" అని నవ్వింది. ఆవిడను నేను ఇప్పటికీ పలకరించను.

స్కానింగ్‌లో నీరు కనిపించింది. సూదితో తీస్తే నాలుగు లీటర్లు దాటింది, ఎండుగడ్డి రంగులో. పిన్ని ఆ సీసాల వంక చూసి "ఇదంతా నాలోనే ఉందా?" అంది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. మూడో రోజు రిపోర్టు వచ్చింది: క్యాన్సర్ కణాలు కనిపించలేదు. బాబాయి దాన్ని ఫొటో తీసి బంధువులందరికీ పంపాడు. నేనూ "హమ్మయ్య" అని జవాబిచ్చాను. "కనిపించలేదు" అని వారు రాస్తే "లేవు" అని మేము చదువుకున్నాం. ఇరవై రోజులకు పొట్ట మళ్లీ నిండింది.

ఈ జబ్బులో కణాలు నీటిలోకి రాలిపడడమే తక్కువ. రాలినా, వాపు వచ్చిన మామూలు పొర కణాల్లాగే ఉండి సూక్ష్మదర్శినిని కూడా మభ్యపెడతాయి. ఈ సంగతి ఎవరైనా మాకు మొదటి రోజే చెప్పి ఉండాల్సింది. మధ్యలో రక్తంలో సీఏ-125 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉందని అండాశయం మీద అనుమానపడ్డారు. పొట్టలోని పొర దేనివల్ల రేగినా ఆ సంఖ్య పెరగవచ్చట. చివరికి ల్యాప్రోస్కోపీ చేశారు, అంటే చిన్న రంధ్రం గుండా పొట్టలోకి కెమెరా పంపి చూశారు. డాక్టరు గారు తెరమీద బొమ్మ చూపించారు. తడి అద్దంలా నున్నగా మెరవాల్సిన పొర మీద సగ్గుబియ్యం చల్లినట్టు తెల్లటి గింజలు. ఆ ముక్కలకు రకరకాల రంగు పరీక్షలు చేశాక పేరు తేలింది: మెసోథెలియోమా, అంటే ఆ పొరలోనే పుట్టే క్యాన్సర్.

ఇక మా వాళ్లు దీన్ని "కడుపు క్యాన్సర్" అని ఊరంతా చాటారు. దాంతో "అన్నం అరుగుతోందా?" అని ఒకటే పరామర్శలు. ఇది జీర్ణాశయానికి వచ్చింది కాదు. పేగులనూ కాలేయాన్నీ పొట్ట గోడనూ కప్పి ఉంచే పలుచని పొరకు వచ్చింది. ఆ పొరను పరిస్తే దాదాపు మన ఒంటి చర్మమంత ఉంటుంది.

ఆస్బెస్టాస్ అనే మాట వినగానే బాబాయి ఇంటి పైకప్పు నుంచి పిన్ని చిన్ననాటి బడి వరకూ విచారణ మొదలుపెట్టాడు. నిజమే, పెద్ద కారణం అదే. ఆ ధూళి పీల్చిన 20 నుంచి 50 ఏళ్లకు కూడా జబ్బు బయటపడుతుంది. కానీ ఊపిరితిత్తుల పొరకు వచ్చే రకంతో ఉన్నంత గట్టి సంబంధం పొట్టలోని రకానికి లేదు. ముఖ్యంగా ఆడవాళ్లలో చాలామందికి ఆ చరిత్రే దొరకదు. కొన్ని కుటుంబాల్లో బీఏపీ1 అనే జన్యువులో లోపం ఉంటుంది. మా ఇంట్లో మాత్రం పిన్ని ఏం తిన్నది, ఎక్కడ తిరిగింది అని ఆమెనే బోనెక్కించారు.

వైద్యం గురించి మీరు అడగలేదు కానీ చెబుతాను. పొట్టను 13 భాగాలు చేసి, జబ్బు ఎంత పాకిందో 0 నుంచి 39 వరకు మార్కులు వేస్తారు. తక్కువ ఉంటే మంచిది. తీయగలిగితే కంటికి కనిపించే గడ్డలన్నీ తీసి, 41 నుంచి 43 డిగ్రీల వేడి కీమో మందును పొట్టలోనే గంట, గంటన్నర తిప్పుతారు. దాన్ని హైపెక్ అంటారు. పిన్ని ఆపరేషన్ పదకొండు గంటలు పట్టింది. తరచుగా చేసే చోటే చేయించుకోవాలి, ఈ మాట మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ఇంటర్నెట్‌లో నెలల లెక్కలు చూసి బెంబేలెత్తకండి. 2009లో పలు ఆసుపత్రులు కలిపి ప్రచురించిన 405 మంది లెక్కలో, ఈ చికిత్స పొందినవారి మధ్యగత ఆయుష్షు 53 నెలలు. అంటే సగం మంది దాన్ని దాటినట్టే. శాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్‌కు 1982లో ఇదే జబ్బు తేలినప్పుడు వైద్య పత్రికల్లో ఉన్న మధ్యగతం ఎనిమిది నెలలు. ఆయన ఇంకో ఇరవై ఏళ్లు బతికి, 2002లో వేరే క్యాన్సర్‌తో పోయారు. పిన్ని ఆపరేషన్ అయి ఆరేళ్లు. స్కానింగ్‌కు ముందు వారమంతా ఎవరితోనూ మాట్లాడదు, మేమూ కదిలించం.

మీ అమ్మగారి బయాప్సీ కాగితంలో ఏ రకమని రాశారో ముందు చూడండి. ఎపిథీలియాయిడ్ అయితే మిగతా రకాలకంటే నయం. డాక్టరు గారిని ఆ 39లో ఎన్ని మార్కులు, ఆపరేషన్‌కు వీలుందా అని అడగండి. నీటి రిపోర్టును ఫైలులో అన్నిటికన్నా అడుగున పెట్టండి.