టెక్ సందేహాలు: ఆరిపోతున్నది ఎల్‌ఈడీ కాదు, ఉడికిపోతున్న డ్రైవర్

ప్రశ్న: మాది వరంగల్ కొత్తవాడ. ఇంట్లో దర్రీలు నేసే మగ్గం ఉంది. దాని పైన వేలాడదీయడానికి 50 వాట్ల సీఓబీ ఎల్‌ఈడీ (చిన్న చిప్‌లన్నీ ఒకే పలక మీద ఉండే రకం), వేడిని బయటకు పంపే హీట్ సింక్, ఎల్‌ఈడీకి తగిన కరెంటు ఇచ్చే డ్రైవర్ విడివిడిగా కొని లైటు తయారుచేసుకున్నాను. చూడటానికి బాగుండాలని డ్రైవర్‌ను హీట్ సింక్ మీదే అల్యూమినియం పెట్టెలో బిగించాను. గంట వెలిగాక ఆరిపోతోంది. కాసేపటికి దానంతటదే వెలుగుతోంది. పెట్టెకు రంధ్రాలు చేసి చిన్న ఫ్యాన్ పెట్టమంటారా?

జవాబు: వద్దండీ. మగ్గం గదిలో ఫ్యాన్ గాలితోపాటు నూలు ధూళినీ లోపలికి లాగుతుంది. అది డ్రైవర్ మీద పేరుకుంటే వేడి బయటకు పోదు, పైగా అంటుకునే ప్రమాదం.

ఆరిపోయి మళ్లీ వెలగడం చూస్తే, వేడి హద్దు దాటినప్పుడు డ్రైవర్ తనను తాను ఆపుకుంటున్నట్లుంది. కారణం పక్కనే ఉంది. మీ డ్రైవర్ సామర్థ్యం 88 శాతం అనుకుందాం. ఎల్‌ఈడీకి 50 వాట్లు ఇస్తూ అది వేడిగా పోగొట్టేది సుమారు 7 వాట్లు. ఎల్‌ఈడీ మాత్రం తీసుకున్న 50 వాట్లలో సగానికి పైగా వేడిగానే వదులుతుంది. ఆ వేడిని బయటకు పంపాల్సిన హీట్ సింక్ మీదే డ్రైవర్‌ను కూర్చోబెట్టారు! ఎల్‌ఈడీ కొంత వేడిని ఓర్చుకుంటుంది, డ్రైవర్‌లో విద్యుత్తును కాసేపు నిల్వ ఉంచే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఓర్చుకోదు. పది డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపు అవుతుందని లెక్క. డ్రైవర్ కనబడకూడదన్న మోజుకు చెల్లించే మూల్యం ఇది.

దాన్ని పెట్టెలోంచి తీసి ఒక మీటరు దూరంలో, గోడకు బిగించిన లోహపు పలక మీద స్క్రూలతో గట్టిగా అమర్చండి. లోహపు డ్రైవర్ అయితే చదునైన వైపు పలకకు ఆనాలి. స్థిరమైన కరెంటు ఇచ్చే రకం కాబట్టి, 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ రెండు మీటర్లున్నా వెలుతురులో తేడా రాదు. లోహపు భాగాలన్నింటికీ ఎర్తు ఇవ్వండి. డ్రైవర్‌కు కరెంటు ఉండగా ఎల్‌ఈడీ తీగలు మాత్రం కలపకండి. అప్పటికే అవుట్‌పుట్‌లో పెరిగి ఉన్న వోల్టేజి ఒక్కసారిగా మీద పడి ఎల్‌ఈడీ పోతుంది.

ఇక కొలత. డ్రైవర్ లేబుల్ మీద ‘టీసీ’ అనే గుర్తు, పక్కన 75 లేదా 80 లాంటి అంకె ఉంటుంది. ఆ చోట వేడి ఆ అంకె దాటకూడదు. గంట వెలిగాక థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) ఉన్న మల్టీమీటర్‌తో చూడండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడితే పేపర్ టేపు అంటించి దాని మీద కొలవండి, మెరిసే అల్యూమినియం మీద అది తక్కువ చూపిస్తుంది. ఇప్పుడు గది 30 డిగ్రీలుండి కొలత 68 వస్తే సంతోషపడకండి. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీలు మామూలే, ఆ 14 డిగ్రీలు ఇక్కడా కలుస్తాయి, అంటే 82. 75 రాసి ఉన్న డ్రైవర్‌కు అది చాలా ఎక్కువ.

అలా వస్తే, మీది 1.5 ఆంపియర్ల డ్రైవర్ అయితే దానికి బదులు అదే వోల్టేజి శ్రేణిలో 1.2 ఆంపియర్లది పెట్టండి. కరెంటు 20 శాతం తగ్గినా వెలుతురు అంత తగ్గదు. ఎల్‌ఈడీ, డ్రైవర్ రెండూ చల్లబడతాయి. నా ఓటు దీనికే.

ప్రశ్న: హుజూరాబాద్‌లోని మా ఇంట్లో ఎల్‌ఈడీ బల్బు స్విచ్ ఆపాక కూడా సన్నగా వెలుగుతోంది. ఎందుకు?

జవాబు: స్విచ్‌లో చిన్న ఇండికేటర్ దీపం ఉంటే, దాని గుండా వచ్చే కొద్దిపాటి కరెంటే చాలు. ఇండికేటర్ లేకపోతే ఫేజ్ బదులు న్యూట్రల్ తీగను స్విచ్‌కు కలిపి ఉండవచ్చు. అప్పుడు స్విచ్ ఆపినా హోల్డర్‌లో షాక్ కొట్టే వోల్టేజి ఉంటుంది. బల్బు మార్చేముందు మెయిన్ ఆపండి, ఎలక్ట్రీషియన్‌తో ఈ వారమే చూపించండి.