ముందు ఆ చెక్క కాలి గురించి రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో మిత్రరాజ్యాల తరఫున వేగుపని చేసిన అమెరికన్ మహిళ వర్జీనియా హాల్ గురించి రాయాలనుకున్నందుకు మనసారా సంతోషించాను. కానీ మొదటి పేజీలోనే వేదిక, బ్యాండు, చప్పట్లు పెట్టావు. అవేవీ అక్కడ లేవమ్మా. 1945 సెప్టెంబరు 27న వాషింగ్టన్‌లో అమెరికా వేగు సంస్థ అధిపతి జనరల్ డోనవన్ డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ అనే అమెరికా సైనిక శౌర్య పతకాన్ని అందించినప్పుడు, ఆమె తరఫున వచ్చింది తల్లి ఒక్కరే. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ పతకం దక్కిన ఏకైక పౌర మహిళ ఆమె. అధ్యక్షుడు ట్రూమన్ నలుగురి ఎదుట ఇద్దామనుకున్నా, ఆమె వద్దన్నారు. ఇంకా పని చేయాలనుకున్నారు. ముఖం లోకానికి తెలిసిపోతే వేగుపని ఎలా సాగుతుంది?

'అసమాన ధైర్యసాహసాలు' అని ఆరుచోట్ల రాశావు. ప్రశంసాపత్రాల భాష అది, ఎవరికైనా అతుకుతుంది. నువ్వు ఆమె ఎడమ కాలి దగ్గర ఆగు. 1933లో టర్కీలో వేటకు వెళ్లినప్పుడు తుపాకీ పేలి, మోకాలి కింది భాగాన్ని తీసేయాల్సి వచ్చింది. చెక్క కాలు పెట్టించుకుని దానికి కత్‌బర్ట్ అని పేరు పెట్టుకున్నారు. 1942 నవంబరులో ఆమె పనిచేస్తున్న ఫ్రెంచి నగరం లియాన్‌ను జర్మన్లు ఆక్రమిస్తున్నప్పుడు, ఆ కాలితోనే పిరనీస్ పర్వతాల మంచులో నడిచి స్పెయిన్ చేరారు. కత్‌బర్ట్ ఇబ్బంది పెడుతున్నాడని లండన్‌కు కబురు పంపితే, ఎవరో మనిషి అనుకుని అడ్డు తొలగించమని జవాబిచ్చారట! చదివేవాడికి నవ్వు రావాలి, ఆ వెంటనే మంచులో ఒరుసుకుపోతున్న ఆ మోకాలు కళ్లముందు కదలాలి. రెండూ ఒకే పేరాలో పట్టుకో.

1944లో మళ్లీ ఫ్రాన్స్ వెళ్లారు. అప్పటికే నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో ఆ కుంటి స్త్రీ కోసం వెతుకుతోంది. అందుకే జుట్టుకు నెరుపు రంగు వేసుకుని, బరువైన పొడవాటి దుస్తులు తొడుక్కుని, కాళ్లీడ్చి నడిచే పల్లెటూరి ముసలమ్మ అయ్యారు. మేకలు కాశారు. నువ్వు దీన్ని 'మారువేషంలో తిరిగింది' అనే ఒక్క మాటతో దాటేశావు. నాకు బాధ కలిగింది. ఆ నడక ఎలా ఉండేదో ఊహించి చూడు, నీ గదిలో నాలుగడుగులు వేసి చూడు, తర్వాత రాయి.

ఇంకొకటి. ఆమెకు సాయపడి శత్రువుకు చిక్కినవాళ్లున్నారు. లియాన్ వైద్యుడు జ్యాఁ రూసేను బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరానికి పంపారు. నీ వ్యాసంలో ఆయన పేరే లేదు. ఆయనకొక పేరా కేటాయించి, తిరగరాసి పంపు. ఎదురుచూస్తుంటాను.