‘కొంచెం నొప్పిగా ఉంది’ అంటే ఎంత నొప్పి?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది తణుకు. నాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయి బర్మింగ్‌హామ్‌లో, చిన్నమ్మాయి డాలస్‌లో స్థిరపడ్డారు. పెద్దదాని కొడుక్కి పదమూడేళ్లు, చిన్నదాని కూతురికి పన్నెండు. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి అందరం వీడియో కాల్‌లో కలుస్తాం. ఈమధ్య ఆ గంటసేపూ గొడవే. ‘మీ అమెరికావాళ్లు అరుస్తారు, గొప్పలు చెప్పుకుంటారు, మ్యాప్‌లో ఏ దేశం ఎక్కడుందో తెలీదు’ అని వాడు. ‘మీ బ్రిటిష్‌వాళ్లకి పళ్లు బాగుండవు, తిండి చప్పిడి, మొహంలో నవ్వుండదు’ అని ఇది. మొన్న పాప ఏడుస్తూ ఫోన్ పెట్టేసింది. పిల్లల మాటలే కదా అనుకుందామంటే అల్లుళ్లిద్దరిదీ అదే వరస. ఇద్దరూ మా జిల్లాలో పుట్టి పెరిగినవాళ్లే! ఒకటే భాష మాట్లాడే ఈ రెండు దేశాలవాళ్లకీ ఒకరంటే ఒకరికి ఇంత చులకన ఎందుకు? మీరు రెండుచోట్లా ఉన్నారని అడుగుతున్నాను. ఎవరు చెప్పేది నిజం?
– ఒక అమ్మమ్మ, తణుకు

జవాబు: అక్కయ్యగారూ, ముందు ఒక పని చేయండి. ఈ ఆదివారం దాకా ఆగకుండా పాపకి ఒక్కదానికే ఫోన్ చేసి మాట్లాడండి. గొడవ సంగతి ఎత్తొద్దు. మిగతాది తర్వాత చూద్దాం.

నేను ఫిజియోథెరపిస్టుని. ఎనిమిదేళ్లు ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో, ఆ తర్వాత పదమూడేళ్లు అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో పనిచేశాను. మీ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఇద్దరు పేషెంట్ల దగ్గర ఉంది.

లెస్టర్‌లో నేను చేరిన కొత్త. డెబ్బై దాటిన పెద్దాయన, మేజోళ్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. మోకాలి ఆపరేషన్ అయి రెండో రోజు. నొప్పి ఎలా ఉందని అడిగితే ‘నాట్ టూ బ్యాడ్, మి డక్’ అన్నారు. అంటే ‘మరీ అంత లేదులేమ్మా’ అని. అక్కడ ఆడవాళ్లని, మగవాళ్లని కూడా ఆప్యాయంగా ‘మి డక్’ అంటారు. సరే, పెద్దగా లేదన్నారు కదా అని మోకాలు ఇంకాస్త వంచాను. ఆయన ఏమీ అనలేదు. మంచం పక్క కడ్డీ పట్టుకున్న చెయ్యి మాత్రం బిగుసుకుపోయింది, వేలి కణుపులు తెల్లగా పాలిపోయాయి, పైపెదవి మీద చెమట పట్టింది. వార్డు సిస్టర్ చూసి నన్ను పక్కకి పిలిచి, ‘మాట వినకు, చెయ్యి చూడు’ అని చెప్పింది. ఆ మాట నాకు ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పనికొచ్చింది.

కొలంబస్‌లో మొదటి నెలలో ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, భుజం పట్టేసింది. పదికి ఎంత నొప్పి అంటే ‘పదికి పది, హనీ, ప్రాణం పోతోంది’ అంది. అంటూనే నా పేరుకి అర్థమేమిటో అడిగింది, కొడుకు ఫుట్‌బాల్ మ్యాచ్ గురించి చెప్పింది, పైకి లేవని ఆ చెయ్యి లేపబోయి ‘అబ్బా’ అని అరిచింది. నా మనసులో వచ్చిన మాట ఏమిటంటే, ‘ఈ అమెరికన్లకి అంతా అతే.’ అది నా సొంత మాట కాదు. ఎనిమిదేళ్లు లెస్టర్ స్టాఫ్‌రూంలో టీ తాగుతూ విన్నది. తీరా స్కాన్ చూస్తే భుజంలో కండర బంధనం నిజంగానే చిరిగింది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. చెబితేనే సాయం అందుతుందన్న నమ్మకంతో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ పెద్దాయన తన నొప్పి చెప్పి అవతలివాళ్లని ఇబ్బంది పెట్టకూడదనుకున్నాడు. ఇద్దరిదీ మర్యాదే. కానీ ఒకరి మర్యాద రెండోవారి కంటికి వంకరగా కనిపిస్తుంది. అమెరికన్ చూస్తే ఆయన మనసు విప్పని మనిషి. బ్రిటిష్ మనిషి చూస్తే ఆవిడ అరుపుల మనిషి.

ఇక ఈ చులకన ఎప్పటిదంటే, రెండు వందల ఏళ్ల పైమాటే. 1814లో బ్రిటిష్ సైన్యం వాషింగ్టన్ మీద పడి అధ్యక్షుడి భవనాన్ని తగలబెట్టింది. బ్రిటిష్ రాజుని వదిలించుకున్న అమెరికన్లకి బ్రిటిష్‌వాళ్లంటే పొగరుబోతు దొరలన్న అభిప్రాయం అప్పటికే ఉంది, అది ఇంకా గట్టిపడింది. ఫ్రాన్సెస్ ట్రాలప్ అనే ఇంగ్లిష్ ఆవిడ 1827లో అమెరికా వెళ్లి సిన్సినాటిలో ఉంది. నేనున్న కొలంబస్ నుంచి కారులో రెండు గంటల దారి. అక్కడ పెట్టిన వ్యాపారం దెబ్బతింది. తిరిగొచ్చి 1832లో అమెరికన్ల అలవాట్ల మీద పుస్తకం వేసింది. పొగాకు నమిలి ఎక్కడబడితే అక్కడ ఉమ్ముతారు, భోజనం గబగబా మింగుతారు అని. ఇంగ్లండ్‌లో ఎగబడి కొన్నారు, అమెరికాలో మండిపడ్డారు. పదేళ్ల తర్వాత, 1842లో ఇంగ్లిష్ నవలాకారుడు డికెన్స్ వెళ్లాడు. ఆయనకీ ఉమ్ము గొడవే. అయితే ఆయన బానిసత్వం మీద రాసింది మాత్రం న్యాయమైన కోపం. పైగా ఆయన పుస్తకాలు అక్కడ అనుమతి లేకుండా అచ్చేసుకుంటున్నారు, పైసా ఇవ్వడం లేదు. విదేశీ రచయితలకి అమెరికా కాపీరైట్ ఇచ్చింది 1891లో. ‘వాళ్లు మోటు మనుషులు’ అన్న మాట వెనక ఇలాంటి డబ్బు బాధ కూడా ఉందని మీ మనవడికి ఎవరూ చెప్పి ఉండరు.

‘చప్పిడి తిండి’ మాట మీద నాకు నిజంగా బాధ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో 1940 జనవరిలో వెన్న, పంచదార, బేకన్‌లకి రేషన్ పెట్టారు. తర్వాత టీ, మాంసం, జున్ను కూడా చేరాయి. అది పూర్తిగా ఎత్తేసింది 1954 జులైలో. పద్నాలుగేళ్లు! ఒక తరం పిల్లలు దాంట్లోనే పెరిగారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికా సైనికులు అక్కడికి దిగారు. 1944లో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీద దాడికి ముందు పదిహేను లక్షల మంది దాకా ఉన్నారు. వాళ్లు తిన్నది ఆ రేషన్ కూడు, ఇంటికెళ్లి చెప్పుకున్నది ఆ రుచి. లెస్టర్‌లో నా పేషెంట్లలో ఒకామె, చిన్నప్పుడు నెలకోసారి వచ్చే మిఠాయి పొట్లాన్ని రోజుకొకటి చొప్పున లెక్కపెట్టుకుని తిన్నానని చెప్పేది. ఆమె వంటని చప్పిడి అని వెక్కిరించడానికి నాకు నోరు రాదు.

అటువైపు బ్రిటిష్‌వాళ్ల కడుపుమంట కూడా అర్థం చేసుకోవాలి. అమెరికా సైనికుడి జీతం బ్రిటిష్ సైనికుడి జీతానికి కొన్ని రెట్లు. చాక్లెట్లు, చూయింగ్ గమ్, నైలాన్ మేజోళ్లు వాళ్ల చేతిలోనే. ‘వాళ్లకి జీతమెక్కువ, ఆడపిచ్చి ఎక్కువ, పైగా మన ఊళ్లోనే తిష్ట’ అని అప్పట్లో ఒక మాట నానింది. అమెరికా యుద్ధశాఖ 1942లో తన సైనికులకి ఒక చిన్న పుస్తకం పంచింది. గొప్పలు చెప్పుకోవద్దు, జీతం గురించి డాబు వద్దు, రైల్లో బ్రిటిష్‌వాళ్లు పలకరించకపోతే అది పొగరనుకోవద్దు, అని. అందులోనే, ‘వాళ్లకి కాఫీ పెట్టడం రాదు, మీకు టీ పెట్టడం రాదు, చెల్లుకు చెల్లు’ అని కూడా ఉంది. ఇంత గొడవలోనూ సుమారు 70 వేల మంది బ్రిటిష్ అమ్మాయిలు అమెరికా సైనికుల్ని పెళ్లి చేసుకుని సముద్రం దాటారు.

ఒక సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 1943లో ఇంగ్లండ్‌లో, లాంకషైర్‌లోని బాంబర్ బ్రిడ్జ్ అనే ఊళ్లో, నల్లజాతి సైనికుల్ని పబ్బుల్లోకి రానివ్వొద్దని అమెరికా సైనికాధికారులు కోరారు. ఆ ఊరి పబ్బులు ‘నల్లజాతి సైనికులకు మాత్రమే’ అని బోర్డులు పెట్టాయి. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. కానీ అదే బ్రిటన్‌లో యుద్ధం తర్వాత కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాళ్లకి అద్దెకి గదులివ్వం అని కిటికీల్లో బోర్డులు పెట్టినవాళ్లూ ఉన్నారు. కాబట్టి ‘మా దేశం మంచిది’ అని పిల్లల్లో ఎవరైనా అంటే, ఏ ఏడాది, ఏ ఊళ్లో అని అడగండి.

పళ్ల సంగతి తేలిగ్గా తేలిపోతుంది. 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన వచ్చింది. పెద్దవాళ్లలో ఊడిపోయిన పళ్లు సగటున అమెరికాలో 7.31, ఇంగ్లండ్‌లో 6.97. అమెరికావాళ్లు పళ్లు తిన్నగా, తెల్లగా కనిపించడానికి డబ్బు పెడతారు, అది వేరే విషయం. ఇక మ్యాప్ అంటారా, టెక్సస్‌లో తూర్పు కొసన కారెక్కి రోజంతా నడిపినా ఇంకా టెక్సస్‌లోనే ఉంటాం. బర్మింగ్‌హామ్‌లో విమానం ఎక్కితే రెండున్నర గంటల్లో స్పెయిన్. చూసిన దేశాలు ఎక్కువయితే తెలివి ఎక్కువని కాదు.

ఇప్పుడు అసలు మాట. మీ మనవడిది బర్మింగ్‌హామ్ యాస, బ్రమ్మీ అంటారు. ఇంగ్లండ్‌లో ఎక్కువగా వెక్కిరింపుకి గురయ్యే యాసల్లో అదొకటి. ఆ యాసతో మాట్లాడితే తెలివితక్కువవాడని అనుకునేవాళ్లు అక్కడే ఉన్నారు. మనవరాలిది టెక్సస్. న్యూయార్క్‌లోనో బోస్టన్‌లోనో దక్షిణాది యాస వింటే పెదవి విరిచేవాళ్లు ఉన్నారు. శ్రీకాకుళం యాసని, తెలంగాణ యాసని మన సినిమాలు ఏళ్ల తరబడి ఏం చేశాయో మీకూ నాకూ తెలుసు. స్కూల్లో ఆ పిల్లాణ్ని ఎవరైనా ఏమన్నా అంటున్నారేమో కనుక్కోమని మీ పెద్దమ్మాయికి చెప్పండి. నాకెందుకో వాడి మాటల్లో ఆ వాసన తగిలింది. ఇంటి పేరు తెలుగు, ఒంటి రంగు మనది. ‘నేను అచ్చం బ్రిటిష్’ అని చూపించుకోవడానికి అమెరికాని తిట్టడం చాలా చవకైన దారి. అల్లుళ్లూ అంతే. కొత్తగా చేరిన ఇంటి పాత పగలు నెత్తినెత్తుకుంటే ఆ ఇంటి మనిషి అయిపోయినట్టు అనిపిస్తుంది. నేనూ ఆ పని చేశాను, కొలంబస్‌లో ఆవిడ విషయంలో. అల్లుళ్లతో వీడియో కాల్‌లో వద్దు, విడివిడిగా మాట్లాడండి. పిల్లలు వాళ్ల నోటి నుంచే నేర్చుకుంటున్నారని సూటిగా చెప్పండి.

పిల్లలకి ఒక్కో పని ఇవ్వండి. ‘సాకర్ ఏమిటి, ఫుట్‌బాల్ అనాలి’ అని వాడు వెక్కిరిస్తూనే ఉంటాడు. సాకర్ అన్న మాట ఎక్కడ పుట్టిందో వాణ్నే వెతికి చెల్లికి చెప్పమనండి. అది ఇంగ్లండ్‌లోనే పుట్టింది, ‘అసోసియేషన్’ అన్న మాటని అక్కడి కుర్రకారు కుదించి వాడుకున్నారు. పళ్ల లెక్క పాపని వెతకమనండి. ఎదుటివాళ్ల పక్షాన నిలబడే ముక్క ఎవరికి వారే కనిపెట్టాలి. ఫలితం ఏమైందో నాకు రాయండి.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. లండన్ మేనేజర్ నా రిపోర్టు చూసి ‘క్వైట్ గుడ్’ అన్నారు. సంతోషపడ్డాను. చికాగో మేనేజర్ ప్రతిదానికీ ‘ఆసమ్’ అంటారు. రివ్యూలో మాత్రం లండన్ ఆయన తక్కువ మార్కు వేశారు. ఆయనది కపటమా?
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: కపటం కాదు బాబూ. అమెరికాలో ‘క్వైట్ గుడ్’ అంటే చాలా బాగుందని. బ్రిటన్‌లో చాలాసార్లు ‘పర్లేదు’ అని మాత్రమే. పెద్ద పెద్దవాళ్లే ఇలా చిక్కుకున్నారు. యుద్ధకాలపు సమావేశాల్లో ఒక కాగితాన్ని ‘టేబుల్’ చేద్దామని బ్రిటిష్‌వాళ్లు పట్టుబట్టారట, వద్దని అమెరికన్లు. బ్రిటన్‌లో ఆ మాటకి వెంటనే చర్చకి పెట్టడమని అర్థం, అమెరికాలో పక్కన పెట్టెయ్యడమని. ఇద్దరూ కోరుకున్నది ఒకటే. చాలాసేపు వాదించుకున్నాక తెలిసిందని చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాశారు.

టెన్షన్ పడకండి. ఈసారి లండన్ ఆయన ‘క్వైట్ గుడ్’ అంటే థాంక్స్ చెప్పి ఊరుకోకండి. ‘శుక్రవారంలోగా ఇందులో ఏ రెండు విషయాలు మార్చమంటారు?’ అని అడగండి. చికాగో ఆయన ‘ఆసమ్’ అన్నప్పుడూ ఇదే ప్రశ్న వేయండి.