చూడని బీపీ రాయకు తల్లీ

చిట్టీ,

ఇంటర్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ (ఆరోగ్య కార్యకర్త) కోర్సు తీసుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఒకేషనల్ అనగానే చుట్టాలు ఏదో ఒకటి అంటారు. వాళ్లకు జవాబు చెప్పుకుంటూ కూర్చోకు. 31 ఏళ్లు ఏఎన్ఎంగా, అంటే ఊరి నర్సుగా, తర్వాత సూపర్‌వైజర్‌గా ఊళ్లు తిరిగిన దాన్ని. నువ్వు ఎంచుకున్న దారి నాకు చాలా సంతోషంగా ఉంది.

ముందు కాగితాల సంగతి చెప్తాను. రెండేళ్ల కోర్సు పాసైతే సరిపోదు. ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో ఏడాది క్లినికల్ ట్రైనింగ్ చేయాలి, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి. అప్పుడే ఏఎన్ఎం ఉద్యోగానికి అర్హత. ముందు ముందు బీఎస్సీ నర్సింగ్ చదవాలనుంటే బ్రిడ్జ్ కోర్సు (సైన్సు సబ్జెక్టుల అదనపు పరీక్ష) కూడా రాయాలి. ఆ వివరాలు ఇప్పుడే కాలేజీలో అడుగు.

ఇక అసలు మాట. నా ట్రైనింగ్ రోజుల్లో ఒక గర్భిణుల పరీక్షల రోజున నలభై మంది వరుసలో ఉన్నారు. నాకు కాళ్లు లాగుతున్నాయి. చక్కగా నవ్వుతూ వచ్చిన ఒక చిన్న వయసు గర్భిణికి చేతికి బీపీ పట్టీ కట్టకుండానే కార్డు మీద 120/80 అని రాసేశాను. మధ్యాహ్నం ఆ అమ్మాయి తలనొప్పి అంటూ గోడకి ఆనుకుని కూర్చుంది. సీనియర్ సిస్టర్ చూస్తే 160/110. పాదాలు వాచి ఉన్నాయి. గర్భిణికి బీపీ 140/90కి చేరగానే జాగ్రత్తపడాలి. ఇంకా ముదిరితే ఫిట్స్ వస్తాయి, మన ఊళ్లో గుర్రపువాతం అంటారు చూడు, అదే. వెంటనే పెద్దాసుపత్రికి పంపారు. తల్లీ బిడ్డా బతికారు. కానీ ఆ కార్డు మీద 120/80 అన్నది నా చేతిరాతే. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. నా కూతురికి కూడా ఈ సంగతి చెప్పలేదు, నీకే చెప్తున్నాను.

అందుకే బీపీ చూడటం ఒక్కటైనా తప్పు లేకుండా నేర్చుకో. మనిషిని ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టు. జాకెట్టు చేతి మీద కాదు, ఒట్టి చేతికి పట్టీ కట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, ఆమె మాట్లాడకూడదు. పట్టీలోకి గాలి కొడుతూ, మణికట్టు దగ్గర నాడి ఆగాక ఇంకో 30 పెంచి, స్టెతస్కోపుతో వింటూ గాలి మెల్లగా వదులు. మొదటి చప్పుడు పై అంకె, చప్పుడు ఆగిపోయింది కింది అంకె. సరిగ్గా వినపడకపోతే మళ్లీ చూడు. వెనక వరుసలో ఎవరు విసుక్కున్నా సరే, అందాజాగా రాయకు. చూడలేకపోతే ఆ గడి ఖాళీగా వదిలెయ్. ఖాళీ గడి చూస్తే తర్వాతి మనిషి జాగ్రత్తపడుతుంది.

ఇళ్లకు వెళ్లడం పుస్తకంలో ఒక పేజీయే ఉంటుంది కానీ నీ ఉద్యోగంలో సగం అదే. గర్భిణికి నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 ఐరన్ మాత్రలు ఇస్తాం. ఒకింట్లో బియ్యం డబ్బా వెనక మాత్రల షీట్లు అలాగే దొరికాయి. కోప్పడితే ఆ ఇంటి కోడలు ఇంకెప్పుడూ నిజం చెప్పదు. పక్కన కూర్చుని "మింగితే ఏమవుతోందమ్మా?" అని అడిగాను. విరేచనం నల్లగా వస్తోందని భయపడిందట. అది ఐరన్ వల్లేనని, ప్రమాదం లేదని చెప్పాను. టీతో వేసుకోవద్దనీ, నిమ్మరసంతో మంచిదనీ, కాల్షియం మాత్రతో కలిపి మింగొద్దనీ చెప్పాను. ఆ మాటలన్నీ వాళ్ల అత్తగారు కూడా వినేలా చెప్పాను. ఇంట్లో నిర్ణయాలు ఎవరివో ముందు కనిపెట్టాలి, తల్లీ.

టీకాలు వేసే రోజున చిన్న చిన్న పనులు మరిచిపోతాం. బీసీజీ (క్షయకు), ఎంఆర్ (తట్టు, రుబెల్లాలకు) టీకాల పొడిలో ద్రావకం కలిపిన టైము ఆయా సీసా మీదే రాయి, నాలుగు గంటలు దాటితే వాడకూడదు. టీకా వేశాక అరగంట కూర్చోమని తల్లికి చెప్పు. ఏ టీకా వేశావో, జ్వరం వస్తే ఏం చేయాలో, మళ్లీ ఎప్పుడు రావాలో, కార్డు ఎందుకు దాచుకోవాలో, ఈ నాలుగూ చెప్పాకే పంపు.

రికార్డులు పరీక్ష ముందు రాత్రి కూర్చుని రాసే అలవాటు చేసుకోకు. ఏ రోజుది ఆ రోజే రాయి.

నా స్టెతస్కోపూ బీపీ మిషనూ తుడిచి పెట్టాను. దసరా సెలవులకు రా. మీ తాతయ్య చేతికి పట్టీ కట్టి నా ముందు బీపీ చూడు. ఆయన మాట్లాడకుండా కూర్చునేలా చూసే బాధ్యత నాది.

మీ పెద్దమ్మ